రిపోర్టులో ఆ అంకె ఎలా వచ్చింది? హార్మోన్ పరీక్షలపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో థైరాయిడ్ మాత్రల గురించి రాసిన తరువాత అందిన ఉత్తరాల్లో సగానికి పైగా మందుల గురించి కాక, రక్తపరీక్షల గురించే ఉన్నాయి. చాలామంది తమ రిపోర్టులను కూడా జతచేసి పంపారు. ఒకే రకమైన సందేహాలను ఒకచోట చేర్చి, ఉత్తరాలను కుదించి, రాసినవారి పేర్లు తొలగించి, ఊళ్ల పేర్లు మాత్రం ఉంచి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. రిపోర్టు చూసి మందు నిర్ణయించవలసింది మిమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని పరీక్షించే వైద్యులే. రక్తపు గొట్టం ల్యాబ్‌కు చేరింది మొదలు కాగితం మీద అంకె పడేదాకా ఏం జరుగుతుందో చెప్పడం వరకే నా పని.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. వయసు నలభై రెండు. అలసటగా ఉంటోందని ఒక సోమవారం ఉదయం ఏడు గంటలకు పరగడుపున రక్తం ఇస్తే టీఎస్‌హెచ్ 6.1 వచ్చింది. నమ్మకం కుదరక అదే వారం శనివారం సాయంత్రం, బడి అయ్యాక, మరో ల్యాబ్‌లో ఇస్తే 4.3 వచ్చింది. రెండు ల్యాబ్‌లలో ఎవరిది తప్పు? (ఖమ్మం)

జవాబు: ఎవరిదీ తప్పు కాకపోవచ్చు. టీఎస్‌హెచ్ అనేది మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి వెలువడి, మెడలోని థైరాయిడ్ గ్రంథిని పని చేయించే హార్మోన్. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే ఇది పెరుగుతుంది, ఎక్కువైతే ఇది తగ్గుతుంది. దాని మోతాదు రోజంతా ఒకేలా ఉండదు. అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజాముకు ముందు అది అత్యధికంగా ఉండి, పొద్దెక్కేకొద్దీ తగ్గి, మధ్యాహ్నానికి కనిష్ఠానికి చేరుతుంది. భోజనం చేసిన తరువాత కూడా కొంత తగ్గుతుంది. అంటే మీరు ఉదయం ఏడు గంటలకు పరగడుపున ఇచ్చిన రక్తంలోనూ, సాయంత్రం ఇచ్చిన రక్తంలోనూ టీఎస్‌హెచ్ నిజంగానే వేర్వేరుగా ఉండి ఉంటుంది.

దీనికి తోడు, ఆరోగ్యవంతుడైన మనిషిలో ఒకే వేళకు తీసిన రక్తంలో కూడా టీఎస్‌హెచ్ వారం వారం మారుతూ ఉంటుంది. రెండు ఫలితాల మధ్య సుమారు నలభై శాతానికి మించిన తేడా ఉంటే తప్ప శరీరంలో ఏదో మారిందని గట్టిగా చెప్పలేము. మీ రెండు అంకెల మధ్య తేడా ముప్పై శాతమే.

మూడో కారణం యంత్రాలకు సంబంధించినది. టీఎస్‌హెచ్ ఒకే అచ్చులో పోసిన అణువు కాదు. ఆ మాంసకృత్తుకు అంటుకుని ఉండే చక్కెర గొలుసులు అణువుకూ అణువుకూ కొద్దికొద్దిగా మారుతుంటాయి. దానిని పట్టుకోవడానికి ఒక తయారీదారు వాడే ప్రతిరక్షకం, అంటే యాంటీబాడీ, ఒక కొసను గుర్తిస్తే, మరొకరిది ఇంకొక కొసను గుర్తిస్తుంది. అందరూ కొలబద్దగా పెట్టుకునేది ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణిక నమూనానే అయినప్పటికీ, రెండు కంపెనీల యంత్రాలు ఒకే గొట్టంలోని రక్తానికి కొంచెం వేరుగా అంకెలు ఇవ్వడం మామూలే. కిరాణా కొట్టు తక్కెడకూ బంగారు కొట్టు తక్కెడకూ ఉన్నంత తేడా కాకపోయినా, తేడా అంటూ ఉంటుంది.

చాలా ల్యాబ్‌లు పెద్దవారికి 0.4 నుంచి 4 లేదా 4.5 వరకు మామూలుగా పరిగణిస్తాయి. మీ అంకెలు రెండూ ఆ గట్టు మీదే ఉన్నాయి. రెండు మూడు నెలల తరువాత, అదే ల్యాబ్‌లో, అదే వేళకు మళ్లీ రక్తం ఇవ్వండి. ఈసారి టీఎస్‌హెచ్‌తో పాటు థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్ అయిన ఫ్రీ టీ4నూ, ఆ గ్రంథికి విరుద్ధంగా శరీరం తయారుచేసే థైరాయిడ్ పెరాక్సిడేజ్ యాంటీబాడీలనూ చూడమని మీ వైద్యుడిని అడగండి. టీ4 మామూలుగా ఉండి, యాంటీబాడీలు లేకపోతే చాలామందికి తొందర అవసరం ఉండదు. గర్భవతులూ, బిడ్డ కోసం ప్రయత్నిస్తున్నవారూ మాత్రం ఇలా నెలల తరబడి ఆగకూడదు. వారి లెక్క వేరు.

ప్రశ్న: డిగ్రీలో రసాయనశాస్త్రం చదువుతున్నాను. హార్మోన్లు రక్తంలో అత్యల్పంగా ఉంటాయని పాఠంలో ఉంది. అంత తక్కువ పదార్థాన్ని, అదీ అన్నీ కలిసిన రక్తంలో, యంత్రం ఎలా లెక్కపెడుతుంది? (రాజమహేంద్రవరం)

జవాబు: నా ఉద్యోగ జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది కాబట్టి కొంచెం విస్తారంగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు ఆ అల్పత్వం ఎంతటిదో చూడండి. ఒక లీటరు సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవంలో, అల్బుమిన్ అనే మాంసకృత్తు ఒక్కటే సుమారు 40 గ్రాములు ఉంటుంది. అదే లీటరులో, దేనికీ అంటుకోకుండా స్వేచ్ఛగా తిరిగే థైరాక్సిన్, అంటే మీ రిపోర్టులలో ఫ్రీ టీ4 అని రాసేది, సుమారు 10 నానోగ్రాములు. గ్రాములో వందకోట్ల వంతు ఒక నానోగ్రాము. అంటే ఒక పాలు థైరాక్సిన్‌కు నాలుగు వందల కోట్ల పాళ్లు అల్బుమిన్ అన్నమాట. బియ్యపు గింజ బరువు 20 మిల్లీగ్రాములు అనుకుంటే, పది టన్నుల లారీలు ఎనిమిదింటి నిండా నింపిన బియ్యంలో ఒకే ఒక్క నల్లగింజను వెతకడంతో ఇది సమానం. మామూలు రసాయన చర్యలతో, రంగు మార్పులతో ఆ గింజ దొరకదు.

1950ల వరకు హార్మోన్‌ను నేరుగా కొలిచే దారి లేక, దాని ప్రభావాన్ని జంతువుల మీద చూసేవారు. మూత్రాన్ని కుందేలుకో, కప్పకో ఎక్కించి గర్భం నిర్ధారించిన కాలం అది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో మాజీ సైనికుల ఆస్పత్రి ఒకటి ఉంది. అక్కడ రోజలిన్ యాలో అనే భౌతికశాస్త్రవేత్త, సాలమన్ బెర్సన్ అనే వైద్యుడు కలిసి పనిచేసేవారు. యాలో తన తొలి ప్రయోగశాలను ఆస్పత్రి ఊడ్చేవారు సామాను పెట్టుకునే గదిలో మొదలుపెట్టారు. వీరిద్దరికీ హార్మోన్లను కొలిచే పద్ధతి కనిపెట్టాలన్న ఉద్దేశమే మొదట లేదు. పెద్ద వయసులో వచ్చే మధుమేహంలో ఇన్సులిన్ మరీ త్వరగా విచ్ఛిన్నమైపోతోందేమోనన్న ఒక ఊహను పరీక్షించడానికి, రేడియోధార్మిక అయోడిన్ అతికించిన ఇన్సులిన్‌ను రోగులకు ఎక్కించి చూశారు. అప్పటికే ఇన్సులిన్ వైద్యం పొందుతున్నవారి రక్తంలో అది త్వరగా మాయం కావడానికి బదులు మరింత సేపు నిలిచింది. ఎద్దు, పంది క్లోమాల నుంచి తీసిన ఆ ఇన్సులిన్‌కు విరుద్ధంగా శరీరం ప్రతిరక్షకాలు తయారుచేసిందనీ, అవి దానిని పట్టుకుని వదలడం లేదనీ వారు గ్రహించారు.

అంత చిన్న అణువుకు ప్రతిరక్షకాలు పుడతాయంటే ఆనాటి పెద్దలు నమ్మలేదు. ఒక పత్రిక వ్యాసాన్ని తిప్పి పంపింది. మరొక పత్రిక, శీర్షికలో ‘ఇన్సులిన్ యాంటీబాడీ’ అన్న మాట తీసేసిన తరువాతే 1956లో ప్రచురించింది. ఆ తిరస్కరణ లేఖను యాలో భద్రంగా దాచి, 1977లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడు తన ఉపన్యాసంలో చూపించారు. బెర్సన్ 1972లోనే చనిపోయినందువల్ల ఆ గౌరవంలో ఆయనకు వాటా దక్కలేదు. ఈ పద్ధతికి వారు పేటెంట్ తీసుకోలేదన్నది నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే విషయం. తీసుకుని ఉంటే మన జిల్లా కేంద్రాలకు ఈ పరీక్షలు ఎన్నేళ్లు ఆలస్యంగా వచ్చి ఉండేవో.

ఇప్పుడు పద్ధతికి వద్దాం. పెళ్లి భోజనాల పంక్తిలో సరిగ్గా వంద విస్తళ్లు వేశారనుకోండి. ఎర్ర కండువా వేసుకున్న వందమందిని మీరే పంపారు. కండువా లేని అతిథులు ఎంతమంది వచ్చారో మీకు తెలియదు. అందరినీ ఒకేసారి పంక్తిలోకి వదిలి, కూర్చున్నవారిలో ఎర్ర కండువాలను లెక్కపెట్టండి. తొంభై కనిపిస్తే బయటి అతిథులు కొద్దిమందేననీ, ఇరవై మాత్రమే కనిపిస్తే వారు పెద్ద సంఖ్యలో వచ్చారనీ చెప్పగలరు. విస్తళ్లు ప్రతిరక్షకాలు, ఎర్ర కండువావారు రేడియోధార్మిక హార్మోన్, తెలియని అతిథులు రోగి రక్తంలోని హార్మోన్. రక్తంలోని హార్మోన్ పెరిగేకొద్దీ చేతికి దొరికే రేడియోధార్మికత తగ్గుతుంది. ఈ తలకిందుల సంబంధాన్ని గుర్తుపెట్టుకోండి, కింద మరో ఉత్తరంలో దీని అవసరం పడుతుంది. రేడియో ఇమ్యునో ఎస్సే అనే ఈ పద్ధతితో మనిషి రక్తంలోని ఇన్సులిన్‌ను కొలిచిన ఫలితాలు 1959, 1960లలో వెలువడ్డాయి. పెద్ద వయసు మధుమేహ రోగులలో చాలామందికి ఇన్సులిన్ తక్కువ కాదనీ, ఉన్నదే సరిగా పనిచేయడం లేదనీ తేలింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ముంబయి నుంచి, అణుశక్తి విభాగానికి చెందిన సంస్థ తయారుచేసిన కిట్లు పార్సిల్లో వచ్చేవి. వాటిలోని అయోడిన్-125 సుమారు అరవై రోజుల్లో సగానికి తగ్గిపోతుంది కాబట్టి, కిట్టు వచ్చిన వారమే రోగుల నమూనాలన్నీ పోగుచేసి ఒక్కసారిగా పరీక్షించేవాళ్లం. అందుకే ఆ రోజుల్లో థైరాయిడ్ రిపోర్టుకు పదిహేను రోజులు ఆగవలసివచ్చేది. ఇప్పుడు సాయంత్రానికే ఫోనుకు వస్తోంది.

ఆ మార్పుకు కారణాలు రెండు. 1975లో కోలర్, మిల్‌స్టైన్ అనే శాస్త్రవేత్తలు ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎంత కావాలంటే అంత తయారుచేసే మార్గం చూపారు. రేడియోధార్మికతకు బదులు వెలుగునిచ్చే రసాయనాలు వాడుకలోకి వచ్చాయి. టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ వంటి పెద్ద అణువులకు పంక్తి పోటీ అక్కరలేదు. ఒక ప్రతిరక్షకం అణువును ఒక కొస పట్టుకుంటుంది, వెలుగు తోక తగిలించిన రెండోది ఇంకో కొస పట్టుకుంటుంది, అంటుకోనిదంతా కడిగేస్తారు, మిగిలిన వెలుగును యంత్రం కొలుస్తుంది. ఇక్కడ హార్మోన్ ఎక్కువైతే వెలుగూ ఎక్కువవుతుంది. పాత పద్ధతి టీఎస్‌హెచ్ 1 కంటే తగ్గితే గుర్తించలేకపోయేది. నేటి యంత్రాలు 0.01 దాకా గుర్తిస్తాయి. థైరాక్సిన్, కార్టిసాల్, టెస్టోస్టెరాన్ వంటి బుల్లి అణువులను మాత్రం ఇద్దరు ఒకేసారి పట్టుకునేంత చోటు లేదు. వాటికి ఇప్పటికీ పంక్తి భోజనమే.

ప్రశ్న: నేను ఇంగ్లండులో, అమ్మ గుంటూరులో. ఇద్దరం ఒకే నెలలో ఫ్రీ టీ4 చేయించుకున్నాం. అమ్మకు 1.2, నాకు 15.4. నాది పదమూడు రెట్లు ఎక్కువని ఇంట్లో అందరూ కంగారు పడుతున్నారు. (లెస్టర్)

జవాబు: కంగారు పడవలసింది లేదు, మీ ఇద్దరిదీ ఒకటే ఫలితం. మన ల్యాబ్‌లు డెసిలీటరుకు ఇన్ని నానోగ్రాములని బరువు చెబుతాయి. బ్రిటన్‌లో లీటరుకు ఇన్ని పికోమోల్‌లని అణువుల లెక్క చెబుతారు. మన అంకెను 12.87తో గుణిస్తే వారి అంకె వస్తుంది. 1.2ను గుణించి చూడండి. కార్టిసాల్‌కు ఈ గుణకం 27.6. రెండు దేశాల రిపోర్టులను పక్కపక్కన పెట్టేటప్పుడు అంకె కంటే ముందు దాని పక్కనున్న కొలమానం చదవాలి.

ప్రశ్న: జుట్టు రాలుతోందని థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నాను. టీఎస్‌హెచ్ 0.05, ఫ్రీ టీ4 మామూలు కంటే బాగా ఎక్కువ. థైరాయిడ్ అతిగా పనిచేస్తోందన్నారు. కానీ నాకు గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం వంటివేమీ లేవు. జుట్టు కోసం మూడు నెలలుగా బయోటిన్ అనే విటమిన్ 10 మిల్లీగ్రాముల బిళ్ల వాడుతున్నాను, ఇంకే మందూ లేదు. (విజయవాడ)

జవాబు: ఇంకే మందూ లేదని మీరు చివర రాసిన వాక్యంలోనే జవాబు ఉండి ఉండవచ్చు. చాలా యంత్రాల్లో ప్రతిరక్షకాన్ని అయస్కాంతపు పూసలకు అంటించడానికి ఒక జిగురు వాడతారు. ప్రతిరక్షకానికి బయోటిన్ తోక తగిలిస్తారు, పూసకు స్ట్రెప్టావిడిన్ అనే మాంసకృత్తు పూత పూస్తారు. ఆ రెండూ కలిస్తే విడదీయడం దాదాపు అసాధ్యం కాబట్టే తయారీదారులు ఆ జతను ఎంచుకున్నారు. మామూలు ఆహారంతో వచ్చే బయోటిన్ దీనికి అడ్డం రాదు. పెద్దవారికి రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములే. మీరు వేసుకుంటున్నది దానికి మూడు వందల రెట్లకు పైమాటే. రక్తంలో తేలియాడే ఆ బయోటిన్ పూసల మీద చోటంతా ముందే ఆక్రమిస్తుంది. ప్రతిరక్షకాలకు నిలబడే చోటు దొరకదు, కడిగినప్పుడు కొట్టుకుపోతాయి, వెలుగు తగ్గిపోతుంది.

ఇప్పుడు రాజమహేంద్రవరం ఉత్తరానికి ఇచ్చిన జవాబులోని రెండు పద్ధతులను గుర్తుచేసుకోండి. టీఎస్‌హెచ్ పరీక్షలో వెలుగు తగ్గితే హార్మోన్ తక్కువని యంత్రం అర్థం చేసుకుంటుంది. పంక్తి పద్ధతిలో సాగే ఫ్రీ టీ4 పరీక్షలో వెలుగు తగ్గితే హార్మోన్ ఎక్కువని అర్థం చేసుకుంటుంది. ఒకే తప్పు ఒకదానిని కిందికి, మరొకదానిని పైకి లాగి, థైరాయిడ్ అతిగా పనిచేసే రోగి రిపోర్టును అచ్చుగుద్దినట్టు తయారుచేస్తుంది. యంత్రం పాడైతే వచ్చే తప్పు ఇంత నమ్మదగ్గట్టుగా ఉండదు. ఇంత పొందికగా అబద్ధం చెప్పే పరీక్షను నా అనుభవంలో మరొకటి చూడలేదు.

బయోటిన్ బిళ్ల ఆపి కనీసం రెండు రోజులు గడిచాక, వీలైతే ఒక వారం ఆగి, మళ్లీ రక్తం ఇవ్వండి. బిళ్ల సంగతి ల్యాబ్‌కూ, వైద్యుడికీ చెప్పండి. అన్ని కంపెనీల యంత్రాలూ ఈ జిగురును వాడవు కాబట్టి మీ ల్యాబ్ యంత్రం ఏ రకమో అడగడం కూడా మంచిదే. రెండోసారి కూడా అవే అంకెలు వస్తే అప్పుడు జబ్బు గురించి ఆలోచించాలి. ఈలోగా థైరాయిడ్‌ను తగ్గించే మందు మొదలుపెట్టవచ్చా అన్న ప్రశ్నను, బయోటిన్ విషయం చెప్పి మరీ మీ వైద్యుడిని అడగండి.

ఇది జుట్టు దగ్గర ఆగే విషయం కాదు. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష కూడా కొన్ని యంత్రాల్లో ఇదే జిగురు మీద నడుస్తుంది. అధిక మోతాదులో బయోటిన్ వాడుతున్న ఒక రోగికి ట్రోపోనిన్ తప్పుగా తక్కువ చూపించిన తరువాత మరణం సంభవించిన ఉదంతం తమకు అందిందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017 నవంబరులో హెచ్చరిక జారీచేసింది.

ప్రశ్న: పరీక్ష రోజున థైరాయిడ్ మాత్ర వేసుకుని వెళ్లాలా, వేసుకోకుండా వెళ్లాలా? (అనంతపురం)

జవాబు: రక్తం ఇచ్చిన తరువాత వేసుకోండి. మాత్ర వేసుకున్న రెండు నుంచి నాలుగు గంటల మధ్య ఫ్రీ టీ4 కొంత పెరిగి కనిపిస్తుంది. టీఎస్‌హెచ్ మీద ఆ ఒక్క మాత్ర ప్రభావం ఉండదు. మోతాదు మార్చినప్పుడు ఆరు వారాలైనా గడవకుండా పరీక్ష చేయించుకోవద్దు. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది, దానిని చూసి పీయూష గ్రంథి సర్దుకోవడానికి ఇంకా సమయం కావాలి.

ప్రశ్న: వయసు ఇరవై ఆరు, నెలసరి సరిగా రావడం లేదు. ప్రొలాక్టిన్ 48 వచ్చింది. ఇంటర్నెట్‌లో చూస్తే మెదడులో గడ్డ అని ఉంది. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. కడుపులో మంటకు రోజూ ఒక గొట్టం మందు (క్యాప్సూల్) వేసుకుంటాను. పరీక్ష రోజు ఆలస్యమై మూడంతస్తులు పరుగున ఎక్కి వెళ్లాను. నెలసరి హార్మోన్లు ఏ రోజున ఇవ్వాలో కూడా చెప్పండి. (హైదరాబాదు)

జవాబు: ప్రొలాక్టిన్ కూడా పీయూష గ్రంథి నుంచి వచ్చే హార్మోనే. మీరు పంపిన మందుల చీటీలో ఆ గొట్టం మందు పాంటాప్రజోల్, డాంపెరిడోన్ కలిపినది. మన దగ్గర మందుల షాపులో ‘గ్యాస్ బిళ్ల’ అని అడిగితే చాలాసార్లు చేతికి వచ్చేది ఇదే. ప్రొలాక్టిన్‌ను అదుపులో పెట్టేది డోపమిన్ అనే మెదడు రసాయనం. డాంపెరిడోన్ ఆ డోపమిన్ పనిని అడ్డుకుంటుంది. కళ్లెం వదిలిన గుర్రంలా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. దానికి మీ మూడంతస్తుల పరుగూ, సూది భయమూ తోడై ఉంటాయి, ఎందుకంటే శ్రమకూ, ఒత్తిడికీ కూడా ఈ హార్మోన్ పెరుగుతుంది. ప్రొలాక్టిన్ తయారుచేసే పెద్ద గడ్డలు ఉన్నప్పుడు అంకె సాధారణంగా 200 దాటి ఉంటుంది. 48 చూసి అంత దూరం వెళ్లనక్కరలేదు.

వైద్యుడిని అడిగి డాంపెరిడోన్ మూడు రోజులు ఆపిన తరువాత, నిద్రలేచి కనీసం రెండు గంటలు గడిచాక, ల్యాబ్‌లో ఇరవై నిమిషాలు నెమ్మదిగా కూర్చుని రక్తం ఇవ్వండి. గర్భ పరీక్షా, టీఎస్‌హెచ్ కూడా అదే రక్తంలో చూడవచ్చు, ఎందుకంటే గర్భం దాల్చినప్పుడూ, థైరాయిడ్ తక్కువగా పనిచేసినప్పుడూ ప్రొలాక్టిన్ పెరుగుతుంది. అప్పటికీ ఎక్కువే వస్తే, మాక్రో ప్రొలాక్టిన్ ఉందేమో చూడమని ల్యాబ్‌ను అడగాలి. కొందరిలో ప్రొలాక్టిన్ అణువులు ప్రతిరక్షకాలతో జతకట్టి పెద్ద ముద్దలుగా రక్తంలో తిరుగుతుంటాయి. అవి ఏ పనీ చేయవు, కానీ యంత్రం వాటినీ లెక్కవేస్తుంది. పాలీఇథిలీన్ గ్లైకాల్ కలిపి ఆ ముద్దలను అడుగుకు దింపేసి, మిగిలినదాన్ని కొలిస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఖరీదైన స్కాన్ కంటే ముందు చేయవలసిన చవకైన పని ఇది.

అండాశయాలను నడిపే పీయూష హార్మోన్లు ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్‌లను నెలసరి మొదలైన రెండో రోజు నుంచి ఐదో రోజు లోపు ఇవ్వాలి. అండం విడుదలైందో లేదో తెలిపే ప్రొజెస్టెరాన్‌ను ఇరవై ఒకటో రోజున ఇవ్వమంటారు గానీ, ఆ లెక్క ఇరవై ఎనిమిది రోజుల నెలసరి ఉన్నవారికే. రాబోయే నెలసరికి ఏడు రోజుల ముందు అన్నది అసలు సూత్రం. ముప్పై ఐదు రోజులకు వచ్చేవారు ఇరవై ఎనిమిదో రోజున ఇవ్వాలి. అండాల నిల్వను సూచించే ఏఎంహెచ్ ఏ రోజున ఇచ్చినా పరవాలేదు.

ప్రశ్న: కంపెనీ ఇచ్చిన హెల్త్ ప్యాకేజీలో డెబ్బైకి పైగా పరీక్షలు చేశారు. రాత్రి షిఫ్టు చేసి, మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం చేసి రక్తం ఇచ్చాను. టెస్టోస్టెరాన్ 260, తక్కువ అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. వయసు ముప్పై రెండు. ఇబ్బందులేమీ లేవు. (కరీంనగర్)

జవాబు: టెస్టోస్టెరాన్ నిద్రలో పెరిగి ఉదయానికి శిఖరానికి చేరుతుంది, భోజనం తరువాత తగ్గుతుంది. మీరు నిద్ర లేకుండా, తిని, మధ్యాహ్నం ఇచ్చారు. తక్కువ రావడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు. సరిగా నిద్రపోయిన రాత్రి తరువాత, ఏడు నుంచి పది గంటల మధ్య, పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు తక్కువ వస్తేనే, అదీ లక్షణాలు ఉంటేనే, దానికి అర్థం ఉంటుంది.

ప్యాకేజీల గురించి నా అభిప్రాయం దాచుకోను. రిపోర్టులో ‘మామూలు పరిధి’ అని వేసేది ఆరోగ్యవంతుల్లో నూటికి తొంభై ఐదుగురు ఇమిడే హద్దు మాత్రమే. మిగిలిన ఐదుగురూ ఆరోగ్యవంతులే అయినా వారికి ఎర్ర అక్షరాలు తప్పవు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, ఏ జబ్బూ లేనివారిలో కూడా కనీసం ఒక్కటైనా హద్దు దాటే అవకాశం 64 శాతం. డెబ్బై చేస్తే ఏదీ దాటకుండా ఉండడమే వింత. లక్షణం లేకుండా అడిగిన హార్మోన్ పరీక్ష జవాబు చెప్పడం కంటే ప్రశ్నలు పుట్టించడమే ఎక్కువ.

ప్రశ్న: మా నాన్నగారికి అరవై రెండేళ్లు. మోకాళ్ల నొప్పులకు ఏడాదిగా ఒకరు ఇచ్చే పొడి వాడుతున్నారు. నొప్పులు పూర్తిగా తగ్గాయి. కానీ ముఖం గుండ్రంగా ఉబ్బింది, పొట్ట పెరిగింది, చేతుల చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోతోంది, షుగరు కొత్తగా వచ్చింది. కార్టిసాల్ ఎక్కువై ఉంటుందని వైద్యుడు ఉదయం ఎనిమిదికి రక్తం తీయిస్తే 1.2 మాత్రమే వచ్చింది. ల్యాబ్ పొరపాటా? (నెల్లూరు)

జవాబు: పొరపాటు కాకపోవచ్చు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఆలస్యం చేయకూడనిది ఇదే కాబట్టి పత్రిక వెలువడే లోపే మీకు విడిగా కూడా రాశాను.

కార్టిసాల్ మూత్రపిండాల మీద టోపీలా ఉండే అధివృక్క గ్రంథుల్లో తయారవుతుంది. ఉదయం ఎనిమిది ప్రాంతంలో అది అత్యధికంగా, అర్ధరాత్రి అత్యల్పంగా ఉంటుంది. ఉదయం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ ఉండడం మామూలు. 3 కంటే తక్కువైతే గ్రంథి పనిచేయడం లేదని అనుమానించాలి. మీ నాన్నగారి శరీరం చూస్తే కార్టిసాల్ అతిగా ఉన్నట్టు, రక్తం చూస్తే అసలు లేనట్టు కనిపిస్తోంది. ఈ రెండూ ఒకేసారి నిజమయ్యే సందర్భం ఒకటుంది. బయటి నుంచి డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్ లోపలికి వెళ్తుంటే, శరీరం మీద కార్టిసాల్ చేసే పనులన్నీ అదే, ఇంకా గట్టిగా చేస్తుంది. కావలసినదానికంటే ఎక్కువే ఉందని పీయూష గ్రంథి తన ఆజ్ఞలు నిలిపివేస్తుంది. ఆజ్ఞ రాక సొంత గ్రంథులు నిద్రపోతాయి. కార్టిసాల్ పరీక్షలోని ప్రతిరక్షకానికి డెక్సామెథాసోన్ దాదాపుగా కనిపించదు, అందుచేత యంత్రం నిద్రపోతున్న గ్రంథి తయారుచేసిన కొద్దిపాటి కార్టిసాల్‌నే చూపిస్తుంది.

ఆ పొడిలో ప్రెడ్నిసొలోన్ ఉండి ఉంటే కథ మరోలా ఉండేది. దాని ఆకారం కార్టిసాల్‌కు దగ్గర కావడం వల్ల చాలా యంత్రాలు దానిని కార్టిసాల్‌గా పొరబడి అంకెను పెంచి చూపిస్తాయి. అప్పుడు రిపోర్టు మామూలుగానో, ఎక్కువగానో వచ్చి అసలు సంగతి మరుగున పడేది. మూలికలని చెప్పి అమ్మే నొప్పుల పొడుల్లో స్టెరాయిడ్ కలపడం మన దేశంలో కొత్త సంగతి కాదు. ఏడాది నొప్పిని పూర్తిగా మాయం చేసిన పొడిని అందుకే అనుమానించాలి. మోకాలి కీలులోకి ఇచ్చే ఇంజెక్షన్లు, చర్మానికి దీర్ఘకాలం పూసే కొన్ని ఆయింట్‌మెంట్లు కూడా ఇదే పని చేయగలవు, వాటి గురించీ నాన్నగారిని అడగండి.

వైద్యుడు ఏసీటీహెచ్ అనే పీయూష హార్మోన్‌ను కూడా చూడవచ్చు. ఈ సందర్భంలో అదీ తక్కువగానే రావాలి. అయితే అది సున్నితమైన హార్మోన్. ఊదారంగు మూత ఉన్న గొట్టంలో తీసి, వెంటనే మంచులో పెట్టి, త్వరగా ప్లాస్మా వేరుచేయాలి. ఇంటికి వచ్చి రక్తం తీసుకుని, మరో నాలుగు ఇళ్లు తిరిగి సాయంత్రానికి ల్యాబ్ చేరే పద్ధతిలో దానిని ఇవ్వవద్దు. అలా ఇస్తే తక్కువ రావడానికి కారణం గ్రంథి కాదు, ఎండ.

ఈ ఉత్తరం చదివి ఆ పొడిని వెంటనే పారేయాలని మీకు అనిపించవచ్చు. ఆ పని చేయవద్దు. నిద్రపోతున్న గ్రంథులు ఒక్కసారిగా లేవవు, కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. హఠాత్తుగా ఆపితే వాంతులు, రక్తపోటు పడిపోవడం, స్పృహ తప్పడం వంటి ప్రమాదాలు ఉన్నాయి. జ్వరం గాని, ఆపరేషన్ గాని ఆ సమయంలో వస్తే ప్రాణాపాయం. పొడి పొట్లాన్ని పట్టుకుని, రిపోర్టుతో సహా, ఈ వారంలోనే హార్మోన్ నిపుణుడి దగ్గరకు తీసుకువెళ్లండి. లెక్కగా ఇచ్చే మాత్రలోకి మార్చి, మెల్లగా తగ్గించి, మధ్యమధ్య ఉదయపు కార్టిసాల్ చూస్తూ ఆయన దానిని ఆపుతారు. రక్తం ఇచ్చే రోజున ఆ మాత్రను ఎప్పుడు వేసుకోవాలో ముందే అడిగి తెలుసుకోండి, ఎందుకంటే తప్పు వేళకు వేసుకున్న ఒక్క బిళ్ల ఆ రోజు అంకెను పనికిరాకుండా చేస్తుంది.